క్యాన్యులా పెట్టడం వచ్చింది, రాత్రంతా చూసుకోవడం రాలేదు: వెటర్నరీ నర్సింగ్ విద్యార్థులకు క్రిటికల్ కేర్ నేర్పే వరుస

శిక్షణ ఇచ్చేవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: చివరి ఏడాది వెటర్నరీ నర్సింగ్ విద్యార్థులు 16 వారాల శిక్షణకు వస్తున్నారు. మోడళ్ల మీద క్యాన్యులా (సెలైన్, మందుల కోసం నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం), ట్యూబు బాగానే పెడుతున్నారు. వార్డులోకి వచ్చాక మాత్రం వాచిన కాలు, పెరిగిన ఊపిరి, చల్లబడిన ఒళ్లు వాళ్ల కంట పడటం లేదు. ఏది ముందు నేర్పాలి, ఏది తర్వాత? "ఇక ఒంటరిగా చేయొచ్చు" అని ఎప్పుడు సంతకం పెట్టాలి?

వైద్యవిద్యలో జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడ పనికొస్తాయి: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలరు, రోజువారీ పనిలో చేస్తున్నారు. మీ విద్యార్థులు మూడో మెట్టు మీద ఆగిపోయారు. లోపం వాళ్లది కాదు. ప్లాస్టర్ అంటించగానే క్యాన్యులా పాఠం అయిపోయిందని మనమే అనుకుంటాం. ఆ క్యాన్యులా మూడు రోజులు ఇన్ఫెక్షన్ లేకుండా నిలబడటం, అందులో వెళ్లే సెలైన్ లెక్క తప్పకపోవడం, అది జారిన సంగతి గంటలోపే తెలియడం ఎవరి పాఠంలోనూ ఉండవు. అందుకని ఏ నైపుణ్యాన్నైనా "చేసే పని, దాని తర్వాతి 24 గంటలు" కలిపి ఒకే పాఠంగా నేర్పండి. కింద రాసినదంతా ఆ లెక్కలోనే ఉంటుంది. ఒక హెచ్చరిక: ఏ పని విద్యార్థి చేయొచ్చు, ఎవరి పర్యవేక్షణలో చేయాలి అన్నది దేశాన్ని బట్టి చట్టం నిర్ణయిస్తుంది. మొదటి రోజే ఆ జాబితా విద్యార్థి చేతిలో ఉండాలి.

మొదటి రెండు వారాలు సూది ఇవ్వకండి. చూడటం నేర్పండి. షిఫ్టు మొదట్లో ఇద్దరు విద్యార్థులు ఒకే పేషెంట్‌ను విడివిడిగా చూసి, విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోవాలి. వరుస మారకూడదు. పంజరం తలుపు తీయకముందే ఊపిరి లెక్కపెట్టాలి. తీసి చేయి వేశాక వచ్చే అంకె ఇక ఆ జంతువు భయాన్ని చెబుతుంది. పూర్తి నిమిషం లెక్కపెట్టమనండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తేడా నాలుగవుతుంది. తర్వాత కూర్చున్న తీరు, చిగుళ్ల రంగు, చిగురు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి పట్టే సమయం (2 సెకన్లలోపు), గుండె చప్పుడుతో పాటే తొడ దగ్గర నాడి, కాళ్ల చివర్ల వెచ్చదనం. ఉష్ణోగ్రత చివర్లో. గుండె చప్పుడు వింటూ నాడి పట్టుకునే అలవాటు తొలి వారంలోనే పడాలి. చప్పుడుకు నాడి అందకపోతే లయ తప్పిందని ఈసీజీ పెట్టకముందే తెలుస్తుంది.

అంకెలు రాయడం పని అయిపోయినట్టు కాదని విద్యార్థికి అర్థమవ్వాలంటే, చార్టులో ప్రతి పేషెంట్‌కూ "ఎప్పుడు పిలవాలి" అనే గడి ఉండాలి. దాన్ని డాక్టర్ నింపాలి. ఉదాహరణకు ఆపరేషన్ అయిన కుక్కకు: నిద్రలో ఊపిరి నిమిషానికి 40 దాటితే, సిస్టోలిక్ రక్తపోటు (పై అంకె) 90 కన్నా తగ్గితే, మూత్రం గంటకు కిలోకు 1 మి.లీ. కన్నా తగ్గితే, ఉష్ణోగ్రత 37 డిగ్రీల కిందికి పోతే పిలవాలి. ఆ గడి ఖాళీగా ఉంటే షిఫ్టు తీసుకోవద్దని విద్యార్థికి చెప్పండి. హద్దు దాటకపోయినా వరుసగా మూడు కొలతలు ఒకే దిక్కుకు నడుస్తుంటే పిలవాలి. 24, 30, 36 అన్న మూడు ఊపిరి అంకెల్లో ఏ ఒక్కటీ 40 దాటలేదు. మూడూ కలిపి చదివితే మాత్రం ఆ కుక్క ఎటు వెళ్తోందో తెలుస్తుంది. మీ విద్యార్థుల కంట పడనిది సరిగ్గా ఇదే.

ఇక క్యాన్యులా. నేర్పే పద్ధతి నాలుగు మెట్లుగా ఉండాలి: మీరు మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపడం, ప్రతి కదలికకూ కారణం చెబుతూ నెమ్మదిగా చేయడం, విద్యార్థి చెబుతుంటే మీరు చేయడం, చివరికి విద్యార్థి తానే చెబుతూ తానే చేయడం. చాలామంది మూడోదాన్ని దాటేస్తారు. విద్యార్థి తలలో ఏ మెట్టు లేదో బయటపడేది అక్కడే. తన చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి బుర్ర మొత్తం వరుస మీదే ఉంటుంది.

మధ్యస్థంగా ఉన్న కుక్కకు 20 లేదా 22 గేజ్, పిల్లికి 22 లేదా 24 (గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం). వెంట్రుకలు ధారాళంగా తీయాలి. పొడవాటి బొచ్చున్న కాలికి చుట్టూ తీస్తే ప్లాస్టర్ బాగా పట్టుకుంటుంది. క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్దాక ఆరేవరకు ఆగాలి, తడి మీద గుచ్చకూడదు. ఆ తర్వాత నరాన్ని మళ్లీ తడిమితే గ్లవ్స్ మార్చి మళ్లీ శుభ్రం చేయాలి. 15 నుంచి 30 డిగ్రీల కోణంలో లోపలికి వెళ్లి, రక్తం కనబడగానే కోణం తగ్గించి, సూదితో సహా ఇంకో 1, 2 మి.మీ. ముందుకు పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం జార్చాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. మొదట రక్తం కనిపించేటప్పటికి నరంలో ఉన్నది సూది మొన మాత్రమే, గొట్టం అంచు ఇంకా బయటే ఉంది. అక్కడే గొట్టాన్ని తోస్తే అది నరం గోడను నెట్టి ముడుచుకుంటుంది. "నరం పగిలింది" అంటారు గానీ, తొందరపాటే కారణం. ఇంకో నియమానికి మినహాయింపు లేదు: వెనక్కి లాగిన సూదిని గొట్టంలోకి మళ్లీ పోనివ్వకూడదు. సూది అంచు గొట్టాన్ని కోస్తే ఆ ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. ఒక విద్యార్థికి ఒక పేషెంట్ మీద రెండే ప్రయత్నాలు. మూడోది ఇంకొకరు చేయాలి. ఇది శిక్ష కాదు, ఆ జంతువుకు పనికొచ్చే నరాలు కొన్నే.

తర్వాతి 24 గంటల పాఠం: రోజుకు కనీసం రెండుసార్లు కట్టు విప్పి గుచ్చిన చోటు చూడాలి. పైనుంచి నొక్కి "బాగుంది" అనడం చూసినట్టు కాదు. ఎరుపు, వేడి, తాడులా గట్టిపడిన నరం, నొప్పి ఉంటే తీసేయాలి. కట్టు కింద వేళ్లు వాచాయంటే కట్టు బిగుతైంది. కట్టు పైన వాచిందంటే సెలైన్ నరం బయటికి పోతోంది. ఈ రెంటి తేడా విద్యార్థికి నోటికి రావాలి. 2, 3 మి.లీ. సెలైన్‌తో ఫ్లష్ చేసేటప్పుడు చేతికి అడ్డు తగిలినా, పేషెంట్ కాలు లాక్కున్నా బలంగా తోయకూడదు.

సెలైన్ లెక్కలో విద్యార్థులు సూత్రం గుర్తుపెట్టుకుంటారు, అర్థం వదిలేస్తారు. 12 కిలోల కుక్కను తీసుకోండి. రోజువారీ అవసరం కిలోకు 60 మి.లీ. చొప్పున 720 మి.లీ., అంటే గంటకు 30. ఒంట్లో నీరు 8 శాతం తగ్గిందని డాక్టర్ అంచనా వేస్తే లోటు 960 మి.లీ., 24 గంటల్లో పూడ్చాలంటే గంటకు 40. మొత్తం గంటకు 70. పంపు లేకుండా మి.లీ.కు 20 చుక్కల సెట్టుతో ఇస్తే గంటకు 1400 చుక్కలు, నిమిషానికి 23 చిల్లర, అంటే దాదాపు రెండున్నర సెకన్లకు ఒక చుక్క. ఈ చివరి మెట్టు వరకు తీసుకెళ్లండి. మంచం పక్కన నిలబడ్డవాళ్లకు పనికొచ్చేది ఆ రెండున్నర సెకన్లే. కుక్క కాలు మడిస్తే చుక్కలు ఆగిపోతాయి, చాపితే ధారగా పోతాయి. కాబట్టి సీసా పక్కన ప్లాస్టర్ పట్టీ అంటించి గంటగంటకూ ఎక్కడ ఉండాలో గీతలు గీయించండి. పంపు ఉన్నా సరే గీయించండి, పంపులో తప్పు అంకె కొట్టినా ఆ గీత పట్టిస్తుంది.

పిల్లుల రోజువారీ లెక్క కిలోకు 40 మి.లీ. దగ్గర మొదలవుతుంది. ఎక్కువైన నీటిని అవి తట్టుకోలేవు, ముఖ్యంగా బయటపడని గుండె జబ్బు ఉన్నవి. ఊపిరి పెరగడం, ముక్కు నుంచి నీళ్లు, కంటి పొర ఉబ్బడం, ఒక్క రోజులో బరువు పెరగడం గుర్తులు. ఊపిరి పెరగడం అన్నిటికన్నా ముందు వస్తుంది. అదే త్రాసు మీద రోజుకు రెండుసార్లు బరువు చూడటం ఎంత ఖరీదైన యంత్రం కన్నా తక్కువ కాదు.

మందుల లెక్కల్లో ప్రాణం తీసేది సున్నా. దశాంశం ఒక్క చోటు జరిగితే పది రెట్లు. అందుకే 0.4 అని రాయాలి, .4 అని రాయకూడదు. 4 అని రాయాలి, 4.0 అని రాయకూడదు. ఎడ్రినలిన్‌తో ఒక ఉదాహరణ: మోతాదు కిలోకు 0.01 మి.గ్రా., మందు మి.లీ.కు 1 మి.గ్రా. 4 కిలోల పిల్లికి 0.04 మి.లీ. ఆ కాస్త మందును మామూలు సిరంజితో కచ్చితంగా కొలవలేం. 1 మి.లీ. మందుకు 9 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కు 0.1 మి.గ్రా. అవుతుంది, అప్పుడు 0.4 మి.లీ. తీస్తే సరిపోతుంది. కలిపిన సిరంజి మీద మందు పేరు, మి.లీ.కు ఎంత ఉంది, కలిపిన సమయం వెంటనే రాయాలి. లేబుల్ లేని సిరంజిలో ఏముందో "నాకు తెలుసు" అన్నా పారేయించండి. ఇన్సులిన్‌కు సీసా బలమూ సిరంజి బలమూ ఒకటే కావాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజిలో 4 గీత వరకు తీస్తే వెళ్లేది 10 యూనిట్లు.

మత్తులో ఉన్న పేషెంట్‌ను గమనించడానికి మీ 16 వారాల్లో కనీసం ఐదు కేటాయించండి. ఆ ఐదులో మొదటి వారమంతా మత్తు మెషీన్ చెకింగే. ఆక్సిజన్ ఉందా, వేపరైజర్‌లో (మత్తు మందును ఆవిరి చేసే భాగం) మందుందా, సోడా లైమ్ (వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే గుళికలు) ఎప్పుడు మార్చారు, సర్క్యూట్ (పేషెంట్‌కు గాలి తెచ్చే గొట్టాలు) లీకు ఉందా. పేషెంట్ వైపు చివరను మూసి, పాప్-ఆఫ్ వాల్వ్ (ఎక్కువైన గాలిని బయటికి వదిలేది) మూసి, ఒత్తిడి 30 సెం.మీ. నీటి మట్టం వరకు పెంచి, నిలుస్తుందో లేదో చూడాలి. చూశాక చివర వేలు తీసి ఒత్తిడి దించకూడదు. పాప్-ఆఫ్ వాల్వ్ తెరిచి దించాలి. కారణం చెప్పండి: లీకు పరీక్ష తర్వాత మూసి మరిచిపోయిన వాల్వ్ నిమిషాల్లో ఊపిరితిత్తులను పగలగొడుతుంది, గుండెకు రక్తం తిరిగి రాకుండా ఆపేస్తుంది. వాల్వ్‌తోనే ఒత్తిడి దించే అలవాటుంటే అది మూసి ఉండిపోయే అవకాశమే తగ్గుతుంది.

రెండో వారం మానిటర్‌కు గుడ్డ కప్పండి. చేతులు, కళ్లు, స్టెతస్కోప్ మాత్రమే. ఐదు నిమిషాలకోసారి దవడ బిగువు, కనురెప్ప స్పందన, కంటి స్థానం, నాడి బలం, ఊపిరి. ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తు మందు) మీద సరైన లోతులో కన్ను కిందికి, లోపలికి తిరిగి ఉంటుంది. కన్ను మధ్యలో ఉంటే రెండు అర్థాలు: మరీ పైపైన ఉంది, లేదా మరీ లోతుకు పోయింది. రెప్ప స్పందన, దవడ బిగువు చూస్తే ఏదో తేలుతుంది. కెటమిన్ అనే మత్తు మందు ఇచ్చిన పేషెంట్‌లో కన్ను మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ గుర్తును నమ్మకూడదు.

గుడ్డ తీశాక ముందు కాప్నోగ్రాఫ్ (వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి గీతగా చూపేది) నేర్పండి. పల్స్ ఆక్సీమీటర్ ఆక్సిజన్ పీలుస్తున్న పేషెంట్‌లో ఆలస్యంగా చెబుతుంది. కాప్నోగ్రాఫ్ ప్రతి ఊపిరికీ చెబుతుంది. మామూలు అంకె 35 నుంచి 45. నెమ్మదిగా పెరుగుతుంటే ఊపిరి చాలడం లేదు. నెమ్మదిగా పడిపోతూ రక్తపోటు కూడా తగ్గుతుంటే గుండె తోయడం తగ్గింది. ఒక్కసారిగా సున్నా అయితే సర్క్యూట్ ఊడింది, ట్యూబు బయటికొచ్చింది లేదా గుండె ఆగింది, ఆ మూడింటినీ చూశాకే యంత్రాన్ని అనుమానించాలి. అడుగు గీత సున్నాకు దిగకపోతే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తోంది: సోడా లైమ్ అయిపోయి ఉంటుంది, లేదా వన్-వే వాల్వ్ ఇరుక్కుని ఉంటుంది. గీత పైకి వాలుగా ఎక్కుతుంటే గాలి దారిలో అడ్డుంది, ట్యూబు మడత పడిందేమో చూడాలి.

రక్తపోటు కఫ్ వెడల్పు కాలి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. కఫ్ చిన్నదైతే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, నిజంగా పడిపోయిన రక్తపోటు కప్పబడిపోతుంది. సగటు రక్తపోటు 60 కన్నా తగ్గితే విద్యార్థి పని మూడు మాటల్లో: లోతు చూడు, మళ్లీ కొలువు, గట్టిగా చెప్పు. ఎక్కువసార్లు వేపరైజర్ తగ్గించడమే మొదటి చికిత్స అవుతుంది.

పిల్లుల విషయంలో ఒక్కటి ప్రత్యేకంగా రుద్ది చెప్పండి. శ్వాసనాళంలో వేసిన ట్యూబు చివరి కఫ్‌ను (గాలి ఊదే బుడగ) అతిగా ఊదినా, ట్యూబు సర్క్యూట్‌కు తగిలించి ఉండగానే పిల్లిని అటూ ఇటూ తిప్పినా శ్వాసనాళం చిరుగుతుంది. తిప్పే ప్రతిసారీ ముందు సర్క్యూట్ విప్పాలి, తిప్పాలి, తగిలించాలి. పళ్ల శుభ్రతకు మత్తిచ్చినప్పుడు ఇది ఎక్కువగా మరుస్తారు, ఎందుకంటే తిప్పడం చాలాసార్లు ఉంటుంది.

మేలుకునే దశను విద్యార్థికి వదిలేసి అందరూ తర్వాతి కేసుకు వెళ్లిపోవడం చాలాచోట్ల అలవాటు. కుక్కలు, పిల్లుల్లో మత్తుతో ముడిపడ్డ మరణాల్లో పెద్ద భాగం ఆపరేషన్ అయిపోయాకే, అందులోనూ మొదటి 3 గంటల్లో జరుగుతుంది. కుక్కలో మింగడం తిరిగొచ్చాక ట్యూబు తీయాలి. పిల్లిలో చెవి, రెప్ప కదలగానే, గట్టిగా మింగడం మొదలవకముందే తీయాలి, లేకపోతే స్వరపేటిక బిగుసుకుంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి మూతి కుక్కల్లో అది ట్యూబును ఓర్చుకున్నంతసేపు ఉంచి, బోర్లా పడుకోబెట్టి, తల ఎత్తి పట్టాలి. మళ్లీ ట్యూబు వేయడానికి కావలసినవన్నీ పక్కనే ఉండాలి.

నొప్పికి స్కోరు షీటు వాడటం తప్పనిసరి చేయండి. గ్లాస్గో చిన్న షీటులో కుక్కకు 24లో 6, నడిపించలేని కుక్కకు 20లో 5 వస్తే నొప్పి మందు గురించి డాక్టర్‌ను అడగాలి. పిల్లి ముఖం చూసి వేసే గ్రిమేస్ స్కేల్‌లో 10కి 4. హాయిగా ఉన్నట్టు గుర్రుమంటున్న పిల్లికి నొప్పి లేదనుకోవడం పెద్ద పొరపాటు. మూలకు ముఖం పెట్టి కదలకుండా ఉన్న పిల్లిని "ప్రశాంతంగా ఉంది" అని రాయడం ఇంకా పెద్దది. అరుస్తున్న కుక్కకు మందు అడిగే ముందు మూత్రాశయం నిండిందా, కట్టు బిగిసిందా చూడాలి. మందిచ్చాక దాని ప్రభావం వచ్చే వేళకు మళ్లీ స్కోరు వేయకపోతే మొదటి స్కోరుకు అర్థం లేదు.

ట్యూబు ద్వారా తిండి: విశ్రాంతి శక్తి అవసరం లెక్కకు మామూలు కాలిక్యులేటర్ చాలు. బరువును మూడుసార్లు వేసి గుణించండి (4 × 4 × 4 లాగా), వర్గమూలం రెండుసార్లు తీయండి, 70తో గుణించండి. 4 కిలోల పిల్లికి 64, 8, 2.83, అంటే దాదాపు 200 కిలోకేలరీలు. రోజుల తరబడి తినని పేషెంట్‌కు మొదటి రోజు అందులో మూడో వంతే. మి.లీ.కు 1 కిలోకేలరీ ఉన్న తిండిని ఆరు విడతలు చేస్తే ఒక్కోసారి 11 మి.లీ. ఒక్కసారిగా పూర్తి తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి పేషెంట్ కుప్పకూలుతుంది. ముక్కు నుంచి వేసిన ట్యూబు మీద ముక్కు దగ్గర మార్కర్‌తో గీత గీయాలి. గీత కదిలితే తిండి ఆపాలి, ట్యూబు ఎక్కడుందో ఎక్స్‌రేతో తేలేవరకు చుక్క కూడా పోయకూడదు. ఒళ్లు వేడికి తెచ్చిన తిండిని 15 నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఇచ్చి, ముందూ తర్వాతా 5 మి.లీ. నీళ్లతో కడగాలి. కడగని ట్యూబు మూసుకుపోతుంది, దాన్ని మార్చాలంటే పేషెంట్‌కు మళ్లీ మత్తు అవసరం కావచ్చు.

ట్రెకియాస్టమీ ట్యూబు (మెడ దగ్గర కోసి నేరుగా శ్వాసనాళంలో పెట్టేది) ఉన్న పేషెంట్ దగ్గర విద్యార్థి ఒంటరిగా ఉండకూడదు, అంతే. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి పంజరానికే అంటించి ఉండాలి. సక్షన్‌కు (ట్యూబులోని కఫాన్ని పీల్చి తీయడం) ముందు ఆక్సిజన్, గొట్టం లోపల 10 సెకన్లకు మించి వద్దు, గుండె వేగం పడిపోతే వెంటనే ఆపాలి.

సీపీఆర్‌కు (ఆగిన గుండెను ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చి నడిపించడం) 2012లో వచ్చి 2024లో మార్చిన రికవర్ అనే వెటర్నరీ మార్గదర్శకాలే ఆధారం. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పక్కకు పడుకోబెట్టినప్పుడు ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం లోతు (వెల్లకిలా అయితే నాలుగో వంతు), ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి. 2 నిమిషాల వరకు ఆగకూడదు, తర్వాత మనిషి మారాలి. ఊపిరి నిమిషానికి 10. లోతైన సన్న ఛాతీ కుక్కకు గుండె మీదే నొక్కాలి, గుండ్రటి ఛాతీకి అత్యంత వెడల్పైన చోట, బుల్‌డాగ్ లాంటి చదునైన ఛాతీకి వెల్లకిలా పెట్టి రొమ్ము ఎముక మీద. కాప్నోగ్రాఫ్ అంకె 18కి చేరకపోతే నొక్కడంలో లోపం వెతకాలి. డ్రిల్లులో కొత్తవాళ్లు తప్పేది ఊపిరి వేగంలో, కంగారులో నిమిషానికి 30 దాటిస్తారు. విద్యార్థులకు మొదట గడియారం చూసి రాసే పని ఇవ్వండి. ఆ కుర్చీలో ఉంటే మొత్తం వరుస కనిపిస్తుంది. ముందస్తు చెప్పకుండా, రాత్రి షిఫ్టులో కూడా డ్రిల్లు చేయించండి.

సంతకం విషయానికి వస్తే, "పది క్యాన్యులాలు పెట్టింది" అన్న లెక్క మీద పెట్టకండి. మూడు వేర్వేరు పేషెంట్లు, ఇద్దరు వేర్వేరు పరిశీలకులు, అందులో ఒకటి రాత్రిపూట. పని ముగిశాక విద్యార్థి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇది ఏయే విధాలుగా చెడిపోవచ్చు, చెడితే మొదట ఏ గుర్తు కనిపిస్తుంది, అప్పుడు ఎవరిని ఏ మాటలతో పిలుస్తావు. ఆ మాటలు ముందే నేర్పాలి. "డాక్టర్ గారూ, ఒకసారి చూస్తారా" అంటే ఎవరూ కదలరు. "రెండో పంజరంలో బ్రూనో, పొద్దున పొట్ట ఆపరేషన్ అయింది. గంటలో ఊపిరి 24 నుంచి 36కి పెరిగింది, చిగుళ్లు పాలిపోయాయి. కడుపులో రక్తం కారుతోందేమో అనిపిస్తోంది, ఇప్పుడే రావాలి" అంటే వస్తారు. పిలిచి, ఏమీ లేదని తేలిన విద్యార్థికి ఆ రోజు అందరి ముందూ "పిలిచి మంచి పని చేశావు" అని చెప్పండి. మొదటిసారి విసుక్కుంటే ఆ విద్యార్థి రెండోసారి పిలవరు, మీరు ఎంత మంచి చార్టు ఇచ్చినా.

రోజూ చేయని పనులకు, అంటే ట్రెకియాస్టమీ, ఛాతీ డ్రెయిన్, సీపీఆర్ లాంటివాటికి పెట్టిన సంతకం 3 నెలలకు మించి చెల్లదని షీటులోనే రాయండి, గడువు తేదీతో సహా.